నేను గీసిన పొద్దుటి గీత

2023 జూలై. బాన్సువాడలో నాట్ల కాలం. నిజాంసాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక మా మెడికల్ షాపు గిరాకీ కూడా మారిపోతుంది. బురదలో నిలబడి వేళ్ళ సందులు ఒరుసుకుపోయినవాళ్ళు, నడుములు పట్టేసినవాళ్ళు, ముసురుకు జ్వరాలు తెచ్చుకున్న పిల్లలు పొద్దున తొమ్మిదింటికే కౌంటర్ ముందు నిలబడతారు. ఒక నర్సింగ్ హోమ్ కింది అంతస్తులో మా షాపు. పైన ఆడవాళ్ళ డాక్టర్, కింద మందులు, మధ్యలో ఇరవై రెండు మెట్లు. బి.ఫార్మసీ చదివి అప్పటికి మూడేళ్ళుగా అక్కడ ఫార్మసిస్టుగా చేస్తున్నాను. గోడ మీద అద్దం వెనక ఉన్న సర్టిఫికెట్ నాది.

చదువు రానివాళ్ళ కోసం నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ప్రతి మందునూ విడి కాగితం కవర్లో వేసి, కవరు మీద నల్ల స్కెచ్ పెన్నుతో గీతలు గీసేవాణ్ణి. పొద్దునకు ఒక గీత, మధ్యాహ్నానికి రెండు, రాత్రికి మూడు. వారానికి ఒకసారి వేసుకునే మందులు చాలా తక్కువ. వాటికి గీతలు ఉండకూడదు. కవరు మీద సున్నా చుట్టి, అందులో అడ్డంగా కొట్టేసి, "రోజూ కాదు" అని నోటితో మూడుసార్లు చెప్పాలి. ఈ నియమం నేనే రాసి కౌంటర్ లోపలివైపు అంటించాను. పక్క షాపులవాళ్ళు వచ్చి చూసి తామూ అలాగే గీయడం మొదలుపెట్టారు. ఆ పద్ధతి గురించి నాకు కొంచెం గర్వం ఉండేది. కొంచెం కాదు, చాలానే ఉండేది.

నాట్లు మొదలైన ఆ వారంలో పిట్లం దాటాక ఉన్న ఒక తండా నుంచి అత్తా కోడళ్ళు వచ్చారు. అత్త పేరు ధర్మీబాయి, అరవై దాటి ఉంటుంది. కోడలు అనితకు ఇరవై మూడు, ఐదో నెల. అనిత భర్త శంకర్ ఒక క్యాంపు రైతు దగ్గర ట్రాక్టర్ నడుపుతాడు. ఆంధ్ర నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడినవాళ్ళ ఊళ్ళను మా దగ్గర క్యాంపులంటారు. నాట్ల రోజుల్లో శంకర్‌కు తీరిక ఉండదు కాబట్టి ఆరోజు ఆడవాళ్ళిద్దరే వచ్చారు.

అనితకు అది రెండో కాన్పు. మొదటిసారి ఏడో నెలలో బీపీ ఒక్కసారిగా పెరిగి, మూర్ఛలు వచ్చి, బిడ్డ దక్కలేదు. ఆ బీపీని ప్రీ-ఎక్లాంప్సియా అంటారు, మూర్ఛల దాకా పోతే ఎక్లాంప్సియా అంటారు. గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగి తల్లి మూత్రపిండాలకు, మెదడుకు, బిడ్డకు చేరే రక్తానికి దెబ్బ కొట్టే జబ్బు. అందుకని ఈసారి నెల తప్పిన దగ్గర్నుంచీ ధర్మీబాయి కోడల్ని గడప దాటనివ్వలేదు. అంతకుముందు రెండేళ్ళు ఆ అమ్మాయి హైదరాబాద్ పక్కన ఒక ప్యాకింగ్ కంపెనీలో, తెల్లారకముందే లోపలికి పోయి పొద్దు గూకాక బయటికి వచ్చే, ఎండ తగలని పని చేసింది. కాళ్ళు గుంజుతున్నాయని, తుంటి నొప్పి అని చెబితే డాక్టర్ మేడం విటమిన్ డి పరీక్ష చేయించారు. కనీసం ఇరవై ఉండాల్సింది తొమ్మిది ఉంది.

విటమిన్ డి గురించి ఇక్కడే చెప్పేయాలి. తిన్న తిండిలోని కాల్షియం పేగు నుంచి రక్తంలోకి చేరాలంటే అది కావాలి. కడుపులో బిడ్డ ఎముకలకు కాల్షియం అంతా తల్లి నుంచే పోవాలి. అది తక్కువున్న గర్భిణుల్లో బీపీ, షుగర్ రావడం, పిల్లలు తక్కువ బరువుతో పుట్టడం ఎక్కువగా కనిపిస్తాయని చదువుకున్నాం. మందు ఇస్తే ఆ చిక్కులు తగ్గుతాయా అన్నదాని మీద మాత్రం అందరిదీ ఒకే మాట కాదు. కానీ నిజంగా ఇంత తక్కువ ఉన్నప్పుడు ఆ లోటు పూడ్చాలనడంలో తగాదా లేదు. మేడం రాసింది సరైన మందు, సరైన మోతాదు. ఇది చదివి ఎవరూ డాక్టర్ రాసిన విటమిన్ డి మానేయకూడదు. తప్పు మందుది కాదు.

మేడం రాసిన చిట్టీలో నాలుగు మందులు ఉన్నాయి. ఐరన్, మధ్యాహ్నం. కాల్షియం, పొద్దున, రాత్రి. బీపీ మళ్ళీ పెరగకుండా చిన్న మోతాదు ఆస్పిరిన్, రాత్రి. నాలుగోది విటమిన్ డి సాచెట్, అంటే గ్రాము పొడి ఉండే చిన్న ప్యాకెట్. ఒక్కోదానిలో అరవై వేల యూనిట్లు. వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు.

కౌంటర్ ముందు ఆ సమయానికి పది పన్నెండు మంది ఉన్నారు. నాలుగు కవర్లు వరసగా పెట్టి గీతలు గీశాను. మూడు కవర్లు సరిగ్గానే గీశాను. నాలుగో కవరు మీద చేయి ఆగలేదు. సున్నా చుట్టాల్సిన చోట నిలువుగా ఒక గీత గీసింది. పొద్దుటి గీత. రోజూ పొద్దున అని.

"గిది దేంట్ల కలపాలె కొడుకా?" అని ధర్మీబాయి సాచెట్ ఎత్తి చూపింది.

"పాలల్ల కలిపి తాగించు అవ్వ. పాలతోటి అయితే ఒంటికి బాగ పడుతది."

"మా ఇంట్ల పాడి లేదు. క్యాంపుల తెస్త. బర్రె పాలు నడుస్తయా?"

"బర్రె పాలైతే ఇంకా మంచిది."

"ఇగ గీతలు చెప్పు."

చెప్పాను. ఆమె కవర్లను తన ముందుకు లాక్కుని, ఒక్కోదాని మీద బొటనవేలు పెట్టి పాఠం అప్పజెప్పినట్టు తిరిగి చెప్పింది. నా కళ్ళు అప్పటికే తర్వాతి మనిషి చిట్టీ మీద ఉన్నాయి. ఆమె ముగించాక "శభాష్ అవ్వ" అన్నాను. ఆమె నవ్వి, "సదువుకుంటె నేను గూడ నీ లెక్క కుర్చీల కూసుంటుంటి" అంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. అనిత సిగ్గుపడి అత్త భుజం మీద గిల్లింది.

తొమ్మిది రోజులకు శంకర్ వచ్చాడు. ట్రాక్టర్ ఇంజన్ ఆపకుండా రోడ్డు మీదే నిలిపి, మోకాళ్ళ దాకా బురదతో మెట్టు కింద నిలబడి ఖాళీ సాచెట్ చూపించాడు. మా దగ్గర సగం మందికి మందు పేరు తెలియదు. అయిపోయిన పట్టీ, ఖాళీ డబ్బా తెచ్చి చూపిస్తే మేం చూసి ఇస్తాం.

"అన్న, గివి ఒక పది. జల్ది ఇయ్యి, మా రైతు తిడుతుండు."

పది ఇచ్చాను. ఎనిమిది వారాలకు ఇచ్చినవి తొమ్మిది రోజులకే ఎలా అయిపోయాయని నేను అడగాలి. నాకు ఆ ప్రశ్న రాలేదు. ఆ మనిషి ఎవరి తాలూకో కూడా గుర్తు చేసుకోలేదు. మళ్ళీ పది రోజులకు పది. ఆ తర్వాత ఇంకో పది. మూడోసారి ఇచ్చినప్పుడు అరలో సాచెట్లు తగ్గాయని గమనించి ఇంకో డబ్బా ఆర్డర్ పెట్టాను. సరుకు తగ్గింది కనిపించింది గానీ ఎందుకు తగ్గిందో కనిపించలేదు.

ఆగస్టు మొదటి వారంలో శంకర్ ఖాళీ సాచెట్ లేకుండా వచ్చాడు.

"మళ్ళ వాంతులు షురూ అయినయి అన్న. ఆరో నెలల గూడ అయితయా? అన్నం ముడితె కక్కుతుంది."

"కొందరికి అయితయి."

"నీళ్ళు ఊకె తాగుతుంది. బిందె తాగి ఇంకో బిందె అంటది. దొడ్డికి కూడ సక్కగ పోతలేదు."

"ఆడపిల్ల అయితే గట్లనే సతాయిస్తదంటరు" అని నేను పరాచికం ఆడాను.

అతను నవ్వలేదు. "ఎవరైతేంది అన్న. పానంతోటి బయటికొస్తే చాలు" అన్నాడు.

వాంతులకు మాత్రలు, మలబద్ధకానికి సిరప్ ఇచ్చి, "తగ్గకపోతే పైన చూపియ్యి" అన్నాను. వాంతులు, మలబద్ధకం, ఆగని దాహం. ఈ మూడూ ఒకే వరుసలో, రక్తంలో కాల్షియం మితిమీరితే కనిపించే లక్షణాలుగా నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవే. అదే మూడింటినీ ఒక మనిషి నా ముందు నిలబడి వరుసగా చెబుతుంటే నేను మాత్రలు, సిరప్ తీసి ఇచ్చాను.

విటమిన్ డి నీళ్ళలో కరిగి ఒంటి నుంచి పోయే రకం కాదు. కొవ్వులో నిలవ ఉంటుంది. రోజుకు అరవై వేల చొప్పున పోస్తే, అది పేగు నుంచి కాల్షియాన్ని లాగి లాగి రక్తంలో నింపుతుంది. దానికి తోడు నేనే ఇచ్చిన కాల్షియం మాత్రలు రెండు పూటలా, రోజూ గ్లాసు బర్రె పాలు.

ఆగస్టు నడిమికి అనితను ట్రాలీ ఆటోలో పరుపు వేసి తెచ్చారు. కళ్ళు తెరవలేకపోతోంది. పేరు పిలిస్తే కాసేపటికి ఊఁ అంటోంది. మేడం రక్తం తీయించారు. కాల్షియం పదిన్నర దాటకూడదు, పదమూడు దాటింది. "వాడుతున్న మందులన్నీ తీసుకురండి" అన్నారు. పొడి సాచెట్లు ఏ రకమో చెప్పడానికి నన్ను పైకి పిలిచారు.

నేను వెళ్ళేసరికి ధర్మీబాయి వరండాలో నేల మీద కూర్చుని ఉంది. ఒడిలో ప్లాస్టిక్ సంచి. అందులోంచి ఒక దండ తీసింది. బట్టల మీద అద్దాలు కుట్టే సూదిదారంతో గుచ్చిన ఖాళీ సాచెట్ల దండ. ఒక్కోదాన్నీ కడిగి, చేత్తో చదును చేసి, వరసగా గుచ్చింది.

"ముప్పై ఎనిమిది మేడం. ఒక్క దినం గూడ తప్పలే. వాన కొట్టినా క్యాంపుకు పోయి పాలు తెచ్చి నా చేతుల కలిపి తాపిన."

మేడం ముఖం పాలిపోయింది. ఆమె నెమ్మదస్తురాలు. ఆ ఒక్కరోజే గొంతు పెంచడం విన్నాను.

"వారానికి ఒకటి అని రాసిన కదమ్మా. రోజూ ఎవరు తాపమన్నరు? చదువు రాకపోతే ఎవరినన్న అడగొద్దా? కోడలి పానం మీదికి తెచ్చినవ్."

వరండాలో ఉన్న ఆడవాళ్ళందరూ ఇటు తిరిగారు. ధర్మీబాయి తల ఎత్తి నా వైపు చూసింది. మేడం కూడా నా వైపు తిరిగారు.

"నువ్వు చెప్పలేదా?"

సంచి నోటి దగ్గర నా కవరు కనిపిస్తోంది. మడతలు పడి, పాల మరకలతో. మధ్యలో నల్లగా నా గీత. ఒక్కటే గీత.

"చెప్పిన మేడం," అన్నాను. "వారానికి ఒకటనే చెప్పిన."

అప్పుడు వంగి, మందులు చూస్తున్నట్టుగా సంచి నా వైపు లాక్కుని, ఆ కవరు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఎవరూ చూడలేదనుకున్నాను. ధర్మీబాయి దండను చుట్టి తిరిగి ఒడిలో పెట్టుకుంది. "నేనే తాపిన మేడం," అంది. "నేనే."

ఆ సాయంత్రమే అనితను నిజామాబాద్ పంపారు. అక్కడ సెలైన్లు ఎక్కించారు, విటమిన్ డి, కాల్షియం ఆపేశారు, పాలు పెరుగు కూడా బంద్ చేశారు. వారం దాటాక తెలివిలో పడి ఇంటికి వచ్చింది. అత్తగారింటికి కాదు. తల్లి వచ్చి, పిట్లం ఇవతల ఉన్న తమ తండాకు తీసుకుపోయింది.

అనిత ఇంకా నిజామాబాద్‌లో ఉండగానే మేడం నన్నొక మాట అడిగారు. "అక్కడి డాక్టర్ ఎన్ని సాచెట్లు పోయినయో కచ్చితంగ చెప్పమంటున్నడు. ఆ ముసలామె ముప్పై ఎనిమిది అంటుంది గని ఆ లెక్క నమ్మేదెట్ల? నీ దగ్గర ఎన్ని కొన్నరో తెలుసా?"

"చూస్త మేడం," అన్నాను.

ఆ లెక్క ఎందుకు కావాలో ఆవిడే చెప్పారు. కొవ్వులో చేరిన విటమిన్ డి నెలల తరబడి కొద్దికొద్దిగా బయటికి వస్తూనే ఉంటుంది. తల్లి రక్తంలో కాల్షియం అంతకాలం ఎక్కువుంటే, బిడ్డ మెడలో కాల్షియాన్ని చూసుకునే పారాథైరాయిడ్ గ్రంథులు పని లేక నిద్రపోతాయి. పుట్టి బొడ్డు కోశాక తల్లి నుంచి వచ్చేది ఒక్కసారిగా ఆగుతుంది, గ్రంథులు లేవవు, బిడ్డకు కాల్షియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. ఎంత పోయిందో తెలిస్తే ఎంతకాలం జాగ్రత్తగా ఉండాలో తెలుస్తుంది.

షాపు కంప్యూటర్లో ఆ లెక్క ఉంది. ఎనిమిది, పది, పది, పది. తేదీలతో సహా. ధర్మీబాయి దండలో ఒక్క సాచెట్ కూడా ఎక్కువ తక్కువ లేదు. అది ప్రింటు తీస్తే, పది రోజులకోసారి పది సాచెట్లు ఇచ్చింది ఎవరన్న ప్రశ్న వెంటే వస్తుంది. నేను ప్రింటు తీయలేదు. కవరును మందుల పుస్తకంలో పేజీల మధ్య దాచాను. పన్నెండు రోజులు అది అక్కడే ఉంది. తెలియక చేసిన తప్పు గీత ఒక్కటే. ఈ పన్నెండు రోజులూ అన్నీ తెలిసే చేశాను.

పదమూడో రోజు శంకర్ షాపుకు వచ్చాడు. నాతో గొడవకు వచ్చాడనుకుని లోపలికి తప్పుకోబోయాను. అతను ఊరికే కౌంటర్ మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు.

"ఏమన్న కావాల్నా?"

"యాడికి నిద్ర పడుతలేదన్న. ఏమన్న గోలీ ఉంటదా?" యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ.

"డాక్టర్ రాయకుండ ఇయ్యొద్దు."

"గది గూడ నిజమే. అనిత తల్లి మా యాడిని గడప తొక్కనిస్తలేదు. మొన్న పోతే, 'ఇంకేం తాపుతందుకు వచ్చినవ్' అన్నదట. తండాల అందరు గదే మాట. ఇప్పుడు యాడి ఇంట్ల ఎవరికి ఏం పెడుతలేదు. నాకు నీళ్ళు గూడ నన్నే ముంచుకోమంటది. బర్రెను కొన్నమన్న, పాల కోసమని, అనిత దవాఖానకు పోయే రెండు దినాల ముంగట. దానికి కుడితి గూడ పెడుతలేదు. నా చేతుల ఇషమున్నది అంటది."

"నీకేం అనిపిస్తుంది?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు.

"నాకేం తెలుసన్న. యాడి ఎన్నడు లెక్క తప్పలే. మేకలు నూరున్నా మాపటికి ఒక్కటి తప్పనియ్యదు. మందు కాడ ఎట్ల తప్పిందో నాకు సమజ్ అయితలేదు."

అతను వెళ్ళాక ప్రింటు తీశాను. పుస్తకంలోంచి కవరు తీశాను. మేడం ఓపీ మొదలుకాకముందే పైకి వెళ్ళి రెండూ బల్ల మీద పెట్టాను. చెప్పాల్సిన వాక్యాలు ముందే వరసగా అనుకుని పోయాను. అక్కడికి పోయాక వరస రాలేదు. "గీత నాది మేడం," అన్నాను. "వారానికని చెప్పినట్టు నాకు గుర్తు లేదు. ఆ రోజు మీకు అబద్ధం చెప్పిన."

ఆవిడ కవరు చాలాసేపు చూశారు.

"ఈ కాగితం నాకు ఎన్నడు రావాలె?"

"పన్నెండు రోజుల కింద."

"కూసో," అని ఫోన్ నా ముందుకు తోశారు. నిజామాబాద్ డాక్టర్‌కు నా చేతే తేదీలు, లెక్కలు చదివించారు. ఆయన రెండోసారి చదవమన్నారు. చదివాను. ఫోన్ పెట్టేశాక మేడం ఒకే మాట అన్నారు. "నేను ఆ ముసలామెను అందరి ముంగట తిట్టిన. నువ్వు నిలబడి చూసినవ్." షాపు సేటుకు నేనే చెప్పాను. ఆయన నన్ను కౌంటర్ నుంచి తీసి నెలరోజులు లోపల సరుకు సర్దే పనికి పెట్టారు. అది నాకు శిక్షలా అనిపించలేదు. మనుషుల ముఖాలు చూడకుండా దాక్కునే చోటు దొరికినట్టుంది.

ఆ ఆదివారం శంకర్ బండి మీద అనిత తల్లిగారి తండాకు వెళ్ళాను. దారిలోనే అతనికి చెప్పేశాను. బండి పక్కకు ఆపి, దిగి, కాలువ గట్టు మీద కాసేపు నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను. తిరిగి వచ్చి కిక్ కొట్టి, "ఎక్కు" అన్నాడు.

అనిత మంచం మీద కూర్చుని ఉంది. వాళ్ళమ్మ గడపలో మొక్కజొన్న ఒలుస్తోంది. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూడా ఉన్నారు. కవరు చూపించి, అందరికీ వినపడేలా చెప్పాను. అనిత తల్లి ఒలవడం ఆపలేదు.

"సదువుకున్నోనివి. గీత తప్పు గీసినవ్, సరే. మనిషన్నంక తప్పు అయితది. మా మనిషి మీద ఎందుకు ఏసినవ్?"

"భయపడ్డ."

"నీకు భయమైతే ముసలిదాన్ని ముంగటికి నూకుతవా?"

తానూ, తండావాళ్ళూ ఇన్ని రోజులుగా ధర్మీబాయిని ఏమన్నారో ఆమెకు గుర్తులేనట్టుంది. ఆ సంగతి ఎత్తే హక్కు నాకు లేదు. అనిత మాత్రం తల్లి వైపు తిరిగి చిన్నగా అంది.

"మా అత్త పాలకు దినాం క్యాంపు దాక నడిచి పోయేది అమ్మా. నేను చెప్తే నువ్వు వినకపోతివి."

అక్కడి నుంచి ధర్మీబాయి ఇంటికి పోయాం. ఆమె బర్రె దగ్గర ఉంది. నేను మొదలుపెట్టగానే చేయెత్తి ఆపింది.

"నాకు ఎరుకే కొడుకా."

"కవరు నేను తీసుకున్నది..."

"చూసిన. జేబుల ఏసుకున్నవ్. నువ్వు చెప్తవేమో, ఇగ చెప్తవేమో అని చూసిన." బర్రె వీపు మీద చేయి అలాగే ఉంచింది. "షాపుల నీ ముంగట సదివిన గద. గా పొడి కవరు మీద ఏలు పెట్టి, 'ఒక గీత, దినాం పొద్దుగాల' అన్న. నువ్వు శభాష్ అన్నవ్."

నాకు గుర్తున్నది శభాష్ ఒక్కటే. దేనికి అన్నానో అప్పటిదాకా తెలియదు.

"మేడంకు అప్పుడే ఎందుకు చెప్పలేదు అవ్వ?"

"ఎవరు నమ్ముతరు? నువ్వు కుర్చీల ఉన్నోనివి."

నవంబరులో నిజామాబాద్‌లో అనితకు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మగపిల్లాడు, బరువు కొంచెం తక్కువ. రెండో రోజు చేతులు కాళ్ళు వణికాయి. డాక్టర్లు దానికోసమే చూస్తున్నారు కాబట్టి వెంటనే రక్తం చూసి కాల్షియం ఎక్కించారు. పది రోజులకు కుదుటపడ్డాడు. లెక్క చేతిలో ఉండటం మేలైందని మేడం అన్నారు. ఆవిడ మంచితనం కొద్దీ అన్న మాట అది. ఆ లెక్క మొదటిరోజే ధర్మీబాయి ఒడిలో దండలా ఉంది. మేం నమ్మలేదు, అంతే.

ఆ తర్వాత నేను గీతలు మానలేదు. మానితే చదువు రానివాళ్ళకు ఇంకా కష్టం. కవరు ఇచ్చేముందు మందు ఎలా వేసుకోవాలో వాళ్ళ నోటితో తిరిగి చెప్పించుకోవాలని పుస్తకాల్లో ఉంది. మా దగ్గర వాళ్ళంతట వాళ్ళే తిరిగి చెబుతారు. ఆ కాసేపు పెన్ను కింద పెట్టి, చేతులు కట్టుకుని, వాళ్ళ వేలు ఏ కవరు మీద ఉందో చూస్తూ వింటున్నాను. వారం మందుల మీద అంగడి సంచి బొమ్మ వేస్తున్నాను. అంగడి అంటే మా దగ్గర సంత, వారానికి ఒకసారే వస్తుంది. ఖాళీ పట్టీ ఎవరైనా తెస్తే, పోయినసారి ఎప్పుడు ఇచ్చామో చూడకుండా అరలో చేయి పెట్టను.

ఏప్రిల్‌లో ధర్మీబాయి మనవణ్ణి ఎత్తుకుని నర్సింగ్ హోమ్‌కు వచ్చింది. అనిత పక్కనే ఉంది. పిల్లాడికి ఐదో నెల నిండింది, రక్తపరీక్షలన్నీ సరిగ్గా వచ్చాయి కాబట్టి ఇక అందరు పిల్లల్లాగే బాబుకూ విటమిన్ డి చుక్కలు మొదలుపెట్టవచ్చని మేడం రాశారు. చిట్టీ నా చేతికి వచ్చింది. పెద్దలకు సాచెట్ వారానికి ఒకటి. పసిపిల్లలకు చుక్కలు చాలా చిన్న మోతాదు, కానీ రోజూ వేయాలి.

సీసా తీసి కౌంటర్ మీద పెట్టాను.

"అవ్వ, గిది... దినాం వెయ్యాలె."

ఆమె సీసా వైపు చూడలేదు. నన్ను చూసింది.

"దినామా?"

"దినాం. పొద్దుగాల. గీ చుక్కల గొట్టం మీద గీత దాక, గంతే."

"వారానికి కాదు?"

"కాదు అవ్వ."

ఆమె మనవణ్ణి అనితకు అందించింది. సీసా, చిట్టీ రెండూ చేతిలోకి తీసుకుంది. "కోపం చేసుకోకు కొడుకా. మీద మేడంను అడిగి వస్త," అంది.

"పో అవ్వ," అన్నాను.

ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి, గోడ పట్టుకుని ఎక్కుతుంది. కౌంటర్ ముందు ఏడుగురు నిలబడి ఉన్నారు. నేను పెన్ను కింద పెట్టి, ఆమె ఇరవై రెండు మెట్లూ ఎక్కి, మళ్ళీ దిగి వచ్చేదాకా ఎవరి చిట్టీ అందుకోలేదు.